చార్జింగ్ జాక్ కాళ్ళ సంగతి

(మొబైల్, చిన్న ఎలక్ట్రానిక్ పరికరాల రిపేరు నేర్చుకుంటున్నవారికి చెప్పిన పాఠం. మాట్లాడిన తీరులోనే రాసి ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళు ముందుకు వచ్చేయండి. ఇవాళ మనం మాట్లాడుకోబోయే వస్తువు నోరు 8.34 మిల్లీమీటర్ల వెడల్పు, 2.56 మిల్లీమీటర్ల ఎత్తు. అది టైప్-సీ జాక్. దాని పక్కన పెట్టింది పాత మైక్రో జాక్, ఇంకా చిన్నది. బల్ల మీద రెండు బోర్డులున్నాయి. ఒకటి బ్లూటూత్ స్పీకర్‌ది, మైక్రో జాక్ ఊడి చేతికొచ్చేసింది. రెండోది ఫోన్ చార్జింగ్ బోర్డు, మన షాపుల్లో సీసీ బోర్డు అంటారే, అది.

కస్టమర్ ఈ జబ్బుతో వచ్చినప్పుడు అనే మాట ఒకటే: "వైరు కాస్త వంచి పెడితే ఎక్కుతోందండీ." ఆ 'వంచి' అన్న మాటలోనే మొత్తం రోగం ఉంది. జాక్‌లో రెండు రకాల అతుకులుంటాయి. సన్నటి పిన్నులు కరెంటునూ డేటానూ మోస్తాయి. వాటి చుట్టూ ఉండే రేకు పెట్టెకు నాలుగు కాళ్ళుంటాయి, అవి బోర్డు రంధ్రాల్లో దిగబడి ఉంటాయి, లేదా బోర్డు పైనే అంటుకుని ఉంటాయి. పందిరిని నిలబెట్టేది గుంజలు, పైన పరిచిన తాటాకులు కాదు కదా! ఇక్కడా అంతే. కాళ్ళను బోర్డుకు పట్టి ఉంచే సోల్డరు, అంటే కరిగించి అతికిన లోహం, చిట్లితే బరువంతా పిన్నుల మీద పడుతుంది. పిన్ను కింద ఉండే ప్యాడ్ వెంట్రుక మందం రాగి రేకు, బోర్డుకు జిగురుతో అంటించినట్టు ఉంటుంది. అది ఎన్నాళ్ళు ఆగుతుంది?

ఒక చిన్న లెక్క చూడండి. కేబుల్ తల జాక్ బయటికి మూడు సెంటీమీటర్లు పొడుచుకుని ఉందనుకోండి. ముందు కాళ్ళకూ వెనక కాళ్ళకూ మధ్య దూరం అయిదు మిల్లీమీటర్లు. పడుకుని ఫోన్ చూస్తూ, గుచ్చి ఉన్న కేబుల్‌ను ఛాతీకి ఆనించి ఒక కిలో బరువు మోపితే, గునపంతో రాయి లేపినట్టు కాళ్ళ దగ్గర అది సుమారు ఆరు కిలోల లాగుడవుతుంది. మైక్రో అయినా, టైప్-సీ అయినా పదివేలసార్లు గుచ్చి తీయడానికి తయారుచేస్తారు. రోజుకు మూడుసార్లు లెక్కేసినా తొమ్మిదేళ్ళు రావాలి. రెండేళ్ళకే ఎందుకు పోతోందంటే, ఆ పదివేలు తిన్నగా గుచ్చి తిన్నగా తీసిన లెక్క. పక్కకు వంచిన వంపుకు అక్కడ పద్దు లేదు.

సరే, పనిలోకి దిగుదాం. వేడిగాలి కొట్టే బ్లోయర్ ఆన్ చేయకముందే చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. జాక్ పోయిందని వచ్చే వాటిలో చాలావాటికి జాక్ మార్చే అవసరమే ఉండదు.

మొదట టార్చి వేసి లోపలికి చూడండి. జేబులోని నూలుపీచు, దుమ్ము జాక్ అడుగున పోగుపడి, కేబుల్ గుచ్చినప్పుడల్లా ఇంకా లోపలికి దట్టించుకుంటుంది. ఒక దశలో కేబుల్ పూర్తిగా దిగదు, 'టక్' మన్న శబ్దం రాదు, తాకితే ఊడిపోతుంది. కస్టమర్ దాన్ని లూజ్ అంటాడు. చెక్క టూత్‌పిక్ మొన సన్నగా చెక్కి, మధ్య నాలుకకు తగలకుండా అడుగు నుంచి పీచు లాగండి. గుండుసూది, సేఫ్టీ పిన్ను వద్దు. టైప్-సీ నాలుక మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, సూదితో ఒక పిన్ను లేచిందంటే అప్పటిదాకా పోని జాక్ అప్పుడు పోతుంది.

రెండోది కేబుల్. టైప్-సీలో ఒక సుగుణం ఉంది. అరిగిపోయే స్ప్రింగులన్నీ కేబుల్ తలలో పెట్టారు, జాక్‌లో కదిలే భాగం లేదు. మైక్రోలో కూడా పట్టుకునే కొక్కేలు కేబుల్ వైపే ఉంటాయి. అందుకని లూజ్ అనగానే కొత్త కేబుల్ గుచ్చి చూడండి. కొత్త కేబుల్ గట్టిగా కూర్చుంటే పని అయిపోయినట్టే. ఆ నిజం చెప్పి పంపిస్తే ఇవాళ జాక్ డబ్బు పోతుంది కానీ మనిషి మళ్ళీ మన షాపుకే వస్తాడు.

మూడోది యూఎస్‌బీ మీటరు. అడాప్టరుకూ పరికరానికీ మధ్య పెట్టే చిన్న డిస్‌ప్లే ముక్క, చవకలోనే దొరుకుతుంది. 5 వోల్టులు చూపిస్తూ కరెంటు సున్నా దగ్గరే ఉంటే అతుకు తెగిందని ఒక అనుమానం. కేబుల్ కదిపినప్పుడు కరెంటు సున్నాకూ ఒక ఆంపియరుకూ మధ్య ఎగిరెగిరి పడుతుంటే కాళ్ళో పిన్నులో చిట్లాయి. కదిపినా కరెంటు నిలకడగా అర ఆంపియరు దగ్గరే ఉండి చార్జింగ్ నెమ్మదిగా ఎక్కుతుంటే డేటా పిన్నులను అనుమానించండి. మామూలు అడాప్టర్లు డేటా పిన్నులు రెంటినీ తమలో తాము కలిపి ఉంచుతాయి. ఫోన్ ఆ కలయికను చూసే 'ఇది అడాప్టరు, ఎక్కువ లాగొచ్చు' అని తెలుసుకుంటుంది. ఆ పిన్ను తెగితే ఎదురుగా ఉన్నది ఏమిటో తెలియక జాగ్రత్తగా కొంచెమే తీసుకుంటుంది. దాన్ని చూసి బ్యాటరీ మార్చేసేవాళ్ళున్నారు.

టైప్-సీలో ఇంకో పరీక్ష. ఒకవైపు గుచ్చితే ఎక్కి, తిప్పి గుచ్చితే ఎక్కకపోతే సీసీ పిన్నుల్లో ఒకటి పోయింది. మన సీసీ బోర్డుకూ ఈ సీసీకీ సంబంధం లేదు, పేర్లు కలిశాయంతే. సీసీ1, సీసీ2 అని రెండు పిన్నులు, పరికరంలో ఒక్కోదాన్నుంచి గ్రౌండుకు 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టరు ఉంటుంది. రెండు వైపులా టైప్-సీ ఉన్న కేబుల్‌తో చార్జరు ఆ 5.1 కిలోను కనిపెట్టాకే 5 వోల్టులు వదులుతుంది. అది కనపడకపోతే చార్జరు దృష్టిలో అటువైపు ఎవరూ లేనట్టే. పాత వెడల్పు తల అడాప్టరు అలా కాదు, ఎవరున్నా లేకున్నా 5 వోల్టులు ఇస్తూనే ఉంటుంది. కాబట్టి పాత అడాప్టరుతో ఎక్కి, కొత్త సీ-టు-సీ కేబుల్‌తో ఎక్కకపోతే చూపు సీసీ వైపు తిప్పండి. చవక స్పీకర్లు, ట్రిమ్మర్లు, టార్చిలైట్లు కొన్నిటిలో ఈ రెసిస్టర్లు ఫ్యాక్టరీలోనే పెట్టరు. వాటికి జాక్ ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు. రెండు రెసిస్టర్లు అతికిస్తే పనైపోతుంది. పెద్దవాళ్ళకూ ఈ తప్పు జరిగింది. 2019లో వచ్చిన రాస్ప్‌బెరీ పై 4 అనే చిన్న కంప్యూటరు మొదటి బోర్డుల్లో రెండు సీసీ పిన్నులనూ కలిపి ఒక్క రెసిస్టరుతో సరిపెట్టారు. లోపల చిప్ ఉన్న మంచి కేబుళ్ళు పెడితే చార్జరు దాన్ని ఆడియో పరికరం అనుకుని కరెంటే ఇవ్వలేదు. తర్వాతి బోర్డుల్లో సరిదిద్దారు.

ఇవన్నీ చూశాక కూడా జాక్ మార్చాల్సిందే అని తేలిందనుకోండి. నల్లగా కాలిన పిన్ను, పచ్చటి చిలుము పట్టిన పిన్ను, విరిగిన నాలుక, కదులుతున్న రేకు పెట్టె, వీటిలో ఏదో ఒకటి కంటికి కనపడాలి. చిలుము ఎక్కువగా 5 వోల్టుల పిన్ను మీదే ముందు మొదలవుతుంది, ఎందుకంటే తడిలో కరెంటు పారితే ఆ లోహం కరిగి పోతుంది. తడి చేతితో, చెమటపట్టిన జేబులోంచి తీసిన వెంటనే చార్జింగ్ పెట్టే అలవాటు దీనికి మూలం.

సామాను కొనేటప్పుడు తొందరపడొద్దు. ఇక్కడే సగంమంది బోర్లా పడతారు. మైక్రో జాక్ అంటే ఒకటే అనుకుంటారు. కాళ్ళ మధ్య దూరం 5.9, 6.4, 7.2 మిల్లీమీటర్లని వేరువేరుగా వస్తాయి. కాళ్ళు రంధ్రాల్లోకి దిగేవీ, బోర్డు మీద పడుకునేవీ ఉంటాయి. టైప్-సీలో బోర్డు పైన కూర్చునేవి కొన్నయితే, బోర్డును కోసి ఆ గాడిలో సగం మునిగి ఉండేవి కొన్ని. మునిగేది ఎంత లోతు మునుగుతుందన్నది కూడా మోడల్‌ను బట్టి మారుతుంది, అర మిల్లీమీటరు తేడా వచ్చినా బయటి కేసు రంధ్రంలో కేబుల్ దిగదు. పాత జాక్‌ను పారేయకుండా చేత్తో పట్టుకుని హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీకో, ఆబిడ్స్ జగదీష్ మార్కెట్‌కో వెళ్ళి, కాళ్ళు, పిన్నులు, పొడవు మూడూ కొలిచి తెచ్చుకోండి. వెర్నియర్ కాలిపర్ జేబులో ఉంటే ఇంకా మంచిది. ఒకటి కావాలంటే మూడు కొనండి, మొదటిది పాడుచేసుకునే హక్కు మీకుంది.

పిన్నుల లెక్క కూడా చెప్పేస్తాను. మైక్రోలో అయిదు: ఒకటి 5 వోల్టులు, రెండు డీ-మైనస్, మూడు డీ-ప్లస్, నాలుగు ఐడీ, అయిదు గ్రౌండు. చార్జింగ్ మాత్రమే ఉన్న స్పీకరుకు ఒకటీ అయిదూ చాలు. నాలుగో ప్యాడ్ ఊడిపోయిందని కంగారుపడి గంటసేపు జంపర్ (తెగిన దారిని కలిపే తీగ) వేయనక్కర్లేదు. టైప్-సీ పూర్తి రూపంలో 24 పిన్నులు. మనకు ఎక్కువగా కనపడేది 16 పిన్నులది, అందులో హైస్పీడ్ డేటాకు సంబంధించిన ఎనిమిదీ ఉండవు. మిగిలినవి 5 వోల్టులకు నాలుగు, గ్రౌండుకు నాలుగు, సీసీ రెండు, డేటా నాలుగు, అదనపు సిగ్నళ్ళకు ఎస్‌బీయూ రెండు. 5 వోల్టులవీ గ్రౌండువీ జంటలుగా కలిసి ఉండడంతో కంటికి పన్నెండు ప్యాడ్లే కనపడతాయి, లెక్క తప్పిందనుకోకండి. ఆరు పిన్నులది చార్జింగ్‌కు మాత్రమే. డేటా వాడే పరికరంలో అది పెడితే కంప్యూటరుకు కలపదు.

ఫోన్ అయితే ముందు ఒకటి ఆలోచించండి. జాక్ విడిగా చిన్న బోర్డు మీద ఉంటే బోర్డునే మార్చడం మేలు, స్క్రూలు విప్పి బిగించే పని. కాకపోతే నకిలీ బోర్డుల్లో మైకు సన్నగా వినపడుతుంది, కొన్నిటిలో ఫాస్ట్ చార్జింగ్ రాదు. ఒరిజినల్ దొరకకపోతే పాత బోర్డు మీదే కొత్త జాక్ వేయడం నయం. జాక్ మెయిన్ బోర్డు మీదే ఉంటే ఎలాగూ తప్పదు.

ఇప్పుడు విప్పడం. బ్యాటరీ పాతిక శాతం కంటే తక్కువలో ఉన్నప్పుడే విప్పండి. నిండు బ్యాటరీకి పొరపాటున పిన్ను గుచ్చుకుంటే మంట పెద్దది. విప్పగానే మొదటి పని బ్యాటరీ కనెక్టరు పీకడం. స్పీకర్లలో చాలావాటికి కనెక్టరు ఉండదు, తీగలే అతికి ఉంటాయి. ఒక తీగ తీసి టేపు చుట్టి, ఆ తర్వాతే రెండోది తీయండి. రెండూ కలిపి కటరుతో కోస్తే కటరే షార్టు చేస్తుంది, దాని మూతి కాలిపోయిన గుంట చూస్తే మళ్ళీ ఎప్పుడూ అలా కోయరు. నెక్‌బ్యాండ్లలో, ఇయర్‌బడ్ డబ్బాల్లో సెల్లు జాక్ పక్కనే అతికి ఉంటుంది. దాన్ని తీసి అవతల పెట్టకుండా బ్లోయర్ దగ్గరికి తేవొద్దు. ఉబ్బిన సెల్లు కనపడితే జాక్ పని అక్కడే ఆపి ముందు సెల్లు సంగతి చూడండి.

పాత జాక్ తీయడం. ఈ పనిలో నిదానమంతా ఇక్కడే కావాలి. ప్యాడ్లు ఎప్పుడు లేస్తాయి? సోల్డరు పూర్తిగా కరగకముందే లాగినప్పుడు. నాలుగు కాళ్ళలో మూడు కరిగి, ఒకటి గట్టిగా ఉంటుంది. మనం ట్వీజరుతో లేపుతాం. వేడికి అప్పటికే ప్యాడ్ కింద జిగురు మెత్తబడి ఉంటుంది, ప్యాడ్ కాలికి అంటుకుని జాక్‌తోపాటు వచ్చేస్తుంది. కాబట్టి లాగకూడదు. అది తేలాలి.

అది తేలేలా చేయడం ఎలాగంటే, ఫ్యాక్టరీ సోల్డరులో సీసం ఉండదు, 217 డిగ్రీలు దాటితే కానీ కరగదు. మనం వాడే 63/37 సీసం సోల్డరు 183 డిగ్రీలకే కరుగుతుంది. ముందు పేస్టు, అంటే సోల్డరు బాగా పారి అతికేలా చేసే ఫ్లక్స్, ధారాళంగా రాసి, ప్రతి కాలి మీదా, పిన్నుల వరస మీదా మన సోల్డరు కాస్త కాస్త పెట్టి పాతదానితో కలపండి. కలిసిన మిశ్రమం తక్కువ వేడికే ఒకేసారి కరుగుతుంది. పిన్నులు ఒకదానికొకటి కలిసిపోయినా ఇప్పుడేం పర్వాలేదు, తీసేసే జాకే కదా. ఆ తర్వాత చుట్టుపక్కల ప్లాస్టిక్ కనెక్టర్లు, మైకు ఉంటే వేడిని తట్టుకునే కాప్టన్ టేపు వేయండి. ముఖ్యంగా మైకు. దానికో సూదిబెజ్జం ఉంటుంది. బ్లోయర్ గాలి తిన్నగా తగిలినా, కరిగిన పేస్టు దూరినా లోపలి పొర పోతుంది. ఆనక చార్జింగ్ వస్తుంది, మాట వినపడదు. రోలు బాగుచేయబోతే మద్దెల పోయినట్టు.

కింది నుంచి ప్రీహీటరుతో బోర్డును 100 నుంచి 120 డిగ్రీల దాకా వేడెక్కించండి. రాగి పొరలు ఎక్కువున్న బోర్డు వేడిని పీల్చేసుకుంటుంది, చల్లటి బోర్డు మీద బ్లోయర్ ఎంత పెంచినా పైన మాడి కింద పచ్చిగా ఉండే దోసెలా అవుతుంది. బ్లోయర్ 360 నుంచి 380, గాలి మధ్యస్థం, మూడు సెంటీమీటర్ల ఎత్తులో గుండ్రంగా తిప్పుతూ ఉండండి. కాళ్ళు రంధ్రాల్లో దిగినవైతే బోర్డు అడుగు నుంచి వేడి పెట్టండి, జాక్ ప్లాస్టిక్ కూడా బతుకుతుంది. నలభై సెకన్ల నుంచి నిమిషం పట్టొచ్చు. ట్వీజరు మొనతో జాక్‌ను పక్కకు తాకించి చూడండి, పైకి ఎత్తొద్దు. నీళ్ళ మీద ఆకులా కాస్త జరిగి మళ్ళీ తన చోటికి వస్తే అన్నీ కరిగినట్టే. అప్పుడు తిన్నగా పైకి ఎత్తండి.

బ్లోయర్ లేదంటారా? ఉత్త సోల్డరింగ్ ఐరన్‌తో నాలుగు కాళ్ళూ ఒకేసారి కరగవు. రెండు దారులున్నాయి. ఫ్లష్ కటరుతో రేకు పెట్టెను ముక్కలుగా కత్తిరించి, ఒక్కో కాలూ విడిగా కరిగించి తీయడం ఒకటి. కత్తిరించేటప్పుడు మెలితిప్పకూడదు, మెలితిప్పారంటే ప్యాడ్ లేచిందే. రెండోది 138 డిగ్రీలకే కరిగే బిస్మత్ సోల్డరు కలపడం. అది పాతదానితో కలిసి చాలాసేపు ద్రవంగానే ఉంటుంది, పని సుళువు. కానీ తీశాక దాని ఆనవాలు లేకుండా తుడిచేయాలి. బిస్మత్, సీసం, తగరం మూడూ కలిస్తే కొన్ని పాళ్ళలో 96 డిగ్రీలకే కరిగే మిశ్రమం తయారవుతుంది, పైగా పెళుసు. మనం కాళ్ళకు బలం కావాలని తాపత్రయపడుతుంటే కింద పెళుసు పునాది మిగుల్చుకోవడం ఏం తెలివి?

ఇక శుభ్రం చేయడం. కరిగిన సోల్డరును పీల్చుకునే డీసోల్డర్ వైరు మీద పేస్టు రాసి, దాన్ని ప్యాడ్ మీద ఆనించి పైనుంచి ఐరన్ పెట్టండి. సోల్డరు వైరులోకి ఎక్కగానే, ఐరన్‌నూ వైరునూ కలిపే ఎత్తండి. ఐరన్ ముందు తీసేస్తే వైరు చల్లబడి ప్యాడ్‌కు అంటుకుంటుంది, లాగితే ప్యాడ్ దాంతో వస్తుంది. కొబ్బరిచిప్ప తోమినట్టు రుద్దకండి. కాళ్ళ రంధ్రాల్లో సోల్డరు మిగిలిపోతే, దాన్ని కరిగించి స్టెయిన్‌లెస్ స్టీల్ సూది దూర్చండి. స్టీలుకు సోల్డరు అంటదు. చివరగా ఐపీఏతో, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, కడిగి భూతద్దంలో చూడండి.

ఇక్కడ ప్యాడ్ ఊడి ఉంటే ఏం చేయాలి? ముందు అది ఏ పిన్నో చూడండి. గ్రౌండు ప్యాడ్ అయితే పక్కనే పచ్చపొర గీకితే గ్రౌండు రాగి బయటపడుతుంది, సోల్డరు ముద్దతోనే కలిపేయొచ్చు. 5 వోల్టులది ఊడితే దాని దారి పట్టుకోవాలి. మల్టీమీటరును, దారి కలిసి ఉంటే మోగే బజరు మోడ్‌లో పెట్టి, దగ్గర్లోని కెపాసిటరు, ఫ్యూజు, రక్షణ డయోడు వీటిలో ఎక్కడికి వెళ్తుందో పోల్చండి. అదే మోడల్ మంచి బోర్డు పక్కన ఉంటే పని తేలిక. జంపర్ తీగ మందం దగ్గర పిసినారితనం చూపకండి. డేటాకు, సీసీకి 0.1 మిల్లీమీటరు ఎనామిల్ తీగ చాలు. 5 వోల్టులకు అదే వేస్తే సెంటీమీటరు పొడవుకు 22 మిల్లీ ఓమ్‌లు, రెండు ఆంపియర్లు పారితే తీగ వేడెక్కుతుంది. 0.3 మిల్లీమీటరు తీగ వేస్తే అది రెండున్నర మిల్లీ ఓమ్‌లలోపే. తీగ అతికించాక యూవీ వెలుతురుకు గట్టిపడే పూత, యూవీ మాస్క్, వేసి గట్టిపరచండి, వేలాడే తీగ ఎప్పుడైనా తెగుతుంది. డేటా తీగలు రెండూ ఒకే పొడవులో, పక్కపక్కనే పోనివ్వండి.

కొత్త జాక్ పెట్టడం. ప్యాడ్ల మీద సన్నటి పొరలా సోల్డరు అద్ది, పేస్టు రాసి, జాక్ కూర్చోబెట్టండి. కాళ్ళు రంధ్రాల్లోకి తిన్నగా దిగాయా, జాక్ వెన్ను బోర్డుకు ఆనిందా చూడండి. ఒక్క కాలికి మాత్రం సోల్డరు పెట్టి, బోర్డును కేసులో పెట్టి, బయట నుంచి కేబుల్ గుచ్చి చూడండి. వంకరుంటే ఆ ఒక్క కాలు కరిగించి సరిచేయొచ్చు. అన్నీ అతికాక వంకర కనిపెడితే మళ్ళీ మొదటికి రావాలి. ఎందుకో ఈ అరనిమిషం పని ఎవరూ చేయరు.

సరిపోయాక పిన్నులు. కత్తి ఆకారపు మొన, 330 నుంచి 350 డిగ్రీలు, మొన మీద కొంచెమే సోల్డరు, పిన్నుల మీద పేస్టు నిండుగా. ఒక అంచు నుంచి రెండో అంచుకు నెమ్మదిగా ఒక్క లాగుడు. రెండు పిన్నులు కలిస్తే ఇంకా సోల్డరు పెట్టకండి, పేస్టు పెట్టి ఉత్త మొనతో తాకండి, విడిపోతుంది. సోల్డరు ఎక్కువైతే పిన్నుల వెంట పాకి జాక్ లోపలికి పోతుంది. పైనుంచి చూస్తే చక్కగా ఉంటుంది, లోపల షార్టు.

తర్వాత కాళ్ళు. చాలామంది మైక్రోస్కోపు పెట్టి పిన్నులకు పదిహేను నిమిషాలు వెచ్చించి, కాళ్ళకు తలా ఓ చుక్క పెట్టి వదిలేస్తారు. వారంలో జాక్ ఊడి వెనక్కొస్తుంది. కాళ్ళు పెద్ద గ్రౌండు రాగికి కలిసి ఉంటాయి, పాతిక వాట్ల ఐరన్ అక్కడ చాలదు. అరవై వాట్ల టెంపరేచర్ కంట్రోల్ ఐరన్, వెడల్పు మొన, 380 డిగ్రీలు. మొన కాలికీ ప్యాడ్‌కీ రెండింటికీ తగలాలి. మూడు నాలుగు సెకన్లు ఆగి, సోల్డరును మొనకు కాకుండా కాలికి తాకించండి. అది తనంతట తాను పారి రంధ్రంలోకి దిగాలి. బోర్డు తిప్పి చూస్తే అడుగున కూడా మెరుపు కనపడాలి. పైన మాత్రం గుండ్రటి ముత్యంలా నిలబడితే అది అతకలేదు, కాలి మీద కూర్చుంది. కొన్ని చవక జాకుల కాళ్ళకు సోల్డరు పట్టదు, పెట్టేముందే కాళ్ళను సన్నటి గరుకు కాగితంతో రుద్ది, పేస్టుతో సోల్డరు పూసుకోండి. పట్టకపోతే ఆ జాక్ పారేయండి, దానితో కుస్తీ వద్దు.

కాళ్ళు బోర్డు మీద పడుకునే రకమైతే వాటికి బలం తక్కువ. అలాంటి వాటికి పరీక్షలన్నీ అయ్యాక, రేకు పెట్టె రెండు పక్కలా, వెనకా రెండు భాగాలు కలిపే ఎపాక్సీ సన్నగా వేయండి. పిన్నుల మీద వద్దు, రేపు ఇంకొకడు ఇదే బోర్డు విప్పాలి. ఫెవిక్విక్ లాంటివి అసలు వద్దు. పలుచగా ఉండి సందుల్లోంచి జాక్ లోపలికి పాకుతుంది, దాని ఆవిరి పిన్నుల మీద తెల్లపొరగా పేరుకుంటుంది. గ్లూ గన్ జిగురు ఎండలో నిలిపిన కారులో మెత్తబడుతుంది.

బ్యాటరీ కలపకముందు మీటరు. 5 వోల్టులకూ గ్రౌండుకూ మధ్య బజరు మోగకూడదు. తర్వాత ప్రతి పిన్నుకూ దాని పక్క పిన్నుకూ. టైప్-సీలో 5 వోల్టుల పిన్ను పక్కనే సీసీ పిన్ను ఉంటుంది, మధ్య దూరం అర మిల్లీమీటరు. అక్కడ సన్నటి సోల్డరు వెంట్రుక మిగిలితే చార్జరు 9 వోల్టులో 20 వోల్టులో ఇచ్చిన క్షణం అదంతా సీసీ ద్వారా చిప్‌లోకి పోతుంది. అప్పటిదాకా వందల రూపాయల పని వేలలోకి వెళ్తుంది. ఆ పిన్నులను రెండుసార్లు చూడండి. డయోడ్ మోడ్‌లో ఎర్ర తీగ గ్రౌండుకు, నల్లది పిన్నుకు పెడితే డీ-ప్లస్, డీ-మైనస్ రెండూ దాదాపు ఒకే అంకె చూపాలి. ఒకటి 'ఓఎల్' అంటే తెగింది, సున్నా అంటే షార్టు. రెసిస్టర్లు వాడిన పరికరంలో, మీటరును ఓమ్‌ల మోడ్‌కు మార్చి చూస్తే సీసీ రెండూ 5.1 కిలో చూపాలి. ఫోన్లలో ఆ పని చిప్పే చేస్తుంది కాబట్టి అంకె వేరేలా ఉంటుంది, రెండూ సమానంగా ఉన్నాయా అనే చూడండి.

మొదటి కరెంటు డీసీ మిషన్ (వోల్టులకూ ఆంపియర్లకూ హద్దు పెట్టుకోగల పవర్ సప్లై) నుంచి ఇవ్వండి, 5 వోల్టులు, అర ఆంపియరు హద్దు పెట్టి. అది బాగుంటేనే బ్యాటరీ కలిపి అడాప్టరు. అటు తిప్పి ఇటు తిప్పి గుచ్చండి. కేబుల్‌ను నాలుగు దిక్కులా మెల్లగా నొక్కుతూ యూఎస్‌బీ మీటరు చూడండి, అంకె వణకకూడదు. చార్జింగ్ నడుస్తుండగా జాక్ పిన్ను దగ్గరా, బోర్డు మీద దాని తర్వాతి కెపాసిటరు దగ్గరా వోల్టేజీ కొలవండి. ఒకటిన్నర ఆంపియరు పారుతున్నప్పుడు 0.15 వోల్టు తేడా ఉందంటే దారిలో 0.1 ఓమ్ ఎక్కడో కూర్చుంది, అతుకు మళ్ళీ చూడాలి. ఇరవై నిమిషాలయ్యాక జాక్ మీద వేలు పెట్టండి. గోరువెచ్చగా ఉంటే సరే, వేలు నిలవనంత ఉంటే మూత వేయొద్దు.

మూత వేసేముందు జాక్ చుట్టూ ఉన్న రబ్బరు రింగు తిరిగి పెట్టండి, బల్ల మీద మిగిలిపోయేది ఎప్పుడూ అదే. ఒకసారి విప్పిన ఫోనుకు నీళ్ళు పడినా ఏం కాదని కస్టమరుకు మాట ఇవ్వకండి.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి: సార్, మైక్రో జాక్ తీసేసి అదే చోట టైప్-సీ పెట్టొచ్చా? కస్టమర్లు అడుగుతున్నారు.)

పెట్టొచ్చు, స్పీకర్ల వరకైతే. ప్యాడ్లు కలవవు కాబట్టి టైప్-సీ జాక్, రెండు 5.1 కిలో రెసిస్టర్లు ముందే అతికి ఉన్న చిన్న బోర్డులు దొరుకుతాయి, అవి వాడండి. రెసిస్టర్లు లేని బోర్డు కొంటే సీ-టు-సీ కేబుల్‌తో ఎక్కదు, అదే మనిషి రేపు తిరిగొస్తాడు. ఆ చిన్న బోర్డును తీగలతో వేలాడదీయకూడదు. కేసు లోపల స్క్రూతోనో ఎపాక్సీతోనో బిగించాలి. కేసు రంధ్రాన్ని సన్నటి ఆకురాయితో పెంచేటప్పుడు పొడి బోర్డు మీద పడకుండా చూసుకోండి. ఫోన్లలో ఈ పని ఒప్పుకోకండి, లోపల అంత చోటుండదు.

(సభలోంచి: బ్లోయర్ తగిలి కొత్త జాక్ లోపల నాలుక కాస్త వంగింది సార్. కేబుల్ దిగుతోంది. ఉంచేయమంటారా?)

వద్దమ్మా, తీసేయండి. వంగిన నాలుక మీద కేబుల్ స్ప్రింగులు ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ నొక్కుతాయి. తక్కువ నొక్కినవైపు కరెంటు సందు దొరక్క వేడెక్కి, ప్లాస్టిక్ ఇంకా వంగుతుంది. మూడు జాకులు కొనమన్నది ఇందుకే, రెండోది తియ్యండి. ఈసారి వేడి అడుగు నుంచి పెట్టండి.

(సభలోంచి: నీళ్ళల్లో పడిన ఫోన్ జాక్‌ను బియ్యంలో పెట్టి తెస్తున్నారండీ.)

బియ్యం లోపలి నీటిని లాగదు, పిండి మాత్రం జాక్‌లోకి చేరుతుంది. చార్జింగ్ పెట్టకుండా తెమ్మని చెప్పండి. విప్పి, బ్యాటరీ పీకి, జాక్‌నూ బోర్డునూ ఐపీఏతో మెత్తటి బ్రష్ పెట్టి కడిగి, ఆరబెట్టి, అప్పుడు మీటరు పెట్టండి. చిలుము ఇంకా పైపైనే ఉంటే అదే జాక్ నడుస్తుంది. పిన్ను సన్నబడి ఉంటే మార్చాలి. ఇప్పుడు ఒక్కొక్కరు ఒక స్పీకర్ బోర్డు తీసుకోండి, ముందు కాళ్ళకు పేస్టు రాయండి.